‘నెష్’ అంటే తిట్టు కాదు: ఒక మిడ్‌ల్యాండ్స్ మాట పుట్టుపూర్వోత్తరాలు

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తాను. మీరు నాటింగ్‌హమ్‌షైర్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరారు, ఇంగ్లండ్‌లో ఇది మీకు మొదటి చలికాలం. వార్డులో కిటికీ మూయనా అని అడిగితే మంచం మీదున్న పెద్దాయన "యూ ఆర్ నెష్, మి డక్" అన్నాడు. పక్కనున్న సహోద్యోగి నవ్వింది. ఫోన్లో ఉన్న చిన్న డిక్షనరీలో ఆ మాట దొరకలేదు. అది తిట్టా, మన రంగునో దేశాన్నో ఉద్దేశించి అన్నదా, అసలు ఎక్కడి నుంచి వచ్చింది, మీరు కూడా వాడొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ‘నెష్’ అంటే కాస్త చలికే వణికిపోయే మనిషి. తిట్టు కాదు, బూతు కాదు, జబ్బు పేరు కాదు. మనింట్లో డిసెంబరు పొద్దున పిల్లవాడు రగ్గులోంచి బయటికి రానంటే "వీడొక సుకుమారుడు" అంటామే, దాదాపు ఆ స్వరమే. ఆయన మిమ్మల్ని ఆటపట్టించాడు. వెనకాల ‘మి డక్’ అని చేర్చాడంటే ఆప్యాయంగానే అన్నాడు. ఆ ప్రాంతంలో ఆడా మగా తేడా లేకుండా ‘డక్’ అని పిలుస్తారు. బస్సు డ్రైవరూ అంటాడు, దుకాణంలో అమ్మాయీ అంటుంది. టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

ఇక ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న. ఇది నిన్నమొన్నటి స్లాంగ్ కాదు, చదువురాని వాళ్ళు చెడగొట్టిన ఇంగ్లీషూ కాదు. వెయ్యేళ్ళు దాటిన అచ్చమైన ఇంగ్లీషు మాట. లండన్ ఇంగ్లీషు దాన్ని వదిలేసింది, ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌ల్యాండ్స్ జనం వదల్లేదు. ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలని ఉంది. ఉత్తర డెర్బీషైర్‌లో, ఒకప్పటి బొగ్గుగనుల ఊళ్ళలో, జీపీగా, అంటే ఊరి కుటుంబ డాక్టరుగా, చాలా ఏళ్ళు పనిచేశాను. ఈ మాట విననిదే నాకు ఒక్క చలికాలమూ గడవలేదు. ఆ ఊళ్ళలో మనదేశపు డాక్టర్లు తరతరాలుగా ఉన్నారు. స్థానిక డాక్టర్లు అంతగా ఇష్టపడని గనుల ఊళ్ళలో, కుండల బట్టీల ఊళ్ళలో సర్జరీలు (జీపీ క్లినిక్‌ను ఇక్కడ అలా అంటారు) నడిపింది చాలామటుకు ఇండియా, పాకిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్ళే. కాబట్టి ‘నెష్’ తెలుగువాళ్ళ చెవిన పడటం మీతో మొదలు కాలేదు.

ఎక్కడ వింటారు

నాటింగ్‌హమ్, డెర్బీ, స్టోక్-ఆన్-ట్రెంట్, షెఫీల్డ్, చెస్టర్‌ఫీల్డ్, అటు చెషైర్, లాంకషైర్, ష్రాప్‌షైర్. స్థూలంగా మిడ్‌ల్యాండ్స్, దానికి ఆనుకుని ఉన్న ఉత్తరం. లండన్ నుంచి బదిలీ మీద వచ్చిన ఇంగ్లీషు డాక్టరుకు కూడా ఈ మాట మీకు ఎంత కొత్తో అంతే కొత్త. మీ ఇంగ్లీషు చాలకపోవడం వల్ల అర్థం కాలేదని మాత్రం అనుకోకండి. మీ సహోద్యోగి నవ్వింది కూడా బహుశా ఆ మాట తన అమ్మమ్మ నోట విన్నది గనుకే.

నైరుతి ఇంగ్లండ్‌లోనూ దీనికి దగ్గరి రూపాలు ఉండేవి. అక్కడి నుంచి జాలరులు అట్లాంటిక్ దాటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చేరినప్పుడు మాట కూడా వాళ్ళతో వెళ్ళింది. అక్కడ అది ‘నిష్’ అయింది: మెత్తన, సున్నితం, ఇట్టే దెబ్బతినేది అని అర్థం.

ఆస్పత్రిలో మీకు చలెయ్యడానికి ఒక కారణం ఉంది, అది మీ ఒంటి తప్పు కాదు. ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో 2008 నుంచి మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న నియమం పట్టుగా అమలవుతోంది. పొడుగు చేతులుండవు, వాచీ ఉండదు, రోగి దగ్గరికి స్వెట్టరు వేసుకుని వెళ్ళకూడదు. చేతులు బాగా కడుక్కోవడానికి, ఇన్‌ఫెక్షన్ ఒకరి నుంచి ఒకరికి పోకుండా ఉండటానికి పెట్టిన నియమం అది. విజయవాడ ఎండల్లో పెరిగిన మనిషి పొట్టి చేతుల ట్యూనిక్‌తో జనవరి రాత్రి డ్యూటీ చేస్తే వణకదా? ఆయన దుప్పటి కప్పుకుని పడుకుని మిమ్మల్ని నెష్ అన్నాడు!

మాట పుట్టుక

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘హ్నెషె’. అర్థం మెత్తన, లేత, సున్నితం. ఆల్‌ఫ్రెడ్ రాజు (871–899) కాలపు రాతల్లోనే కనిపిస్తుంది. ‘హ్నెషె’ నుంచి ‘నెష్’ ఎలా వచ్చిందో చూస్తే ఇది వంకర మాట కాదని తేలిపోతుంది. పాత ఇంగ్లీషులో న, ల, ర ల ముందు హకారం పలికే మాటలు చాలా ఉండేవి. నట్ అనే మాట ‘హ్నుతు’, లోఫ్ అనేది ‘హ్లాఫ్’, రింగ్ అనేది ‘హ్రింగ్’. 11వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక రెండు మూడు వందల ఏళ్ళలో ఆ హకారాలన్నీ రాలిపోయాయి. చివరి అచ్చులు కూడా ఊడాయి. అదే నియమం ‘హ్నెషె’ మీద పనిచేస్తే మిగిలేది ‘నెష్’. నట్, రింగ్ ఏ దారిన వచ్చాయో ఇదీ ఆ దారినే వచ్చింది. తేడా ఒకటే. వాటికి లండన్‌లో చోటు దొరికింది, దీనికి దొరకలేదు.

ఇంగ్లండ్ ఉత్తరాది మాటలు చాలావరకు స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులు తెచ్చినవని మీకు ఎవరైనా చెప్పవచ్చు. చాలావాటి విషయంలో నిజమే. యార్క్‌షైర్‌లో ఆడుకోవడాన్ని ‘లేక్’ అంటారు, వాగును ‘బెక్’ అంటారు, రెండూ స్కాండినేవియా సొత్తు. కానీ నెష్ అలాంటిది కాదు, చివరనున్న ‘ష్’ దానికి సాక్ష్యం. ఇంగ్లీషువాళ్ళ నోట ‘స్క్’ ధ్వని ‘ష్’ అయింది, వైకింగుల నోట ‘స్క్’ గానే ఉండిపోయింది. అందుకే ఒకే మూలం నుంచి వచ్చిన రెండు బట్టల్లో ఇంగ్లీషు వాళ్ళది షర్ట్, వైకింగులది స్కర్ట్. నెష్ వైకింగుల దగ్గర నుంచి వచ్చి ఉంటే ఈనాడు మనం ‘నెస్క్’ అని వినేవాళ్ళం.

ఇంగ్లీషు కంటే ఇంకా వెనక్కి వెళ్తే గోథిక్ భాష ఉంది. ఇంగ్లీషు, జర్మన్, డచ్ భాషలకు దాయాది, ఇప్పుడు మాట్లాడేవాళ్ళు లేరు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ దాన్లోకి బైబిలును అనువదించాడు. దాని ప్రతి ఒకటి ఊదారంగు తోలుకాగితం మీద వెండి సిరాతో రాసింది, ఇప్పటికీ స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంది. మత్తయి సువార్త 11వ అధ్యాయం 8వ వచనంలో యేసు జనాన్ని అడుగుతాడు: మీరు అడవిలోకి ఎవరిని చూడటానికి వెళ్ళారు? మెత్తని బట్టలు కట్టుకున్నవాడినా? ఆ ‘మెత్తని’ దగ్గర గోథిక్‌లో ఉన్న మాట ‘హ్నస్క్వుస్’ అన్న విశేషణం. ఆ తర్వాత దాదాపు ఆరువందల ఏళ్ళకు, సుమారు క్రీస్తుశకం 1000 నాటికి ఇంగ్లండ్‌లో సువార్తలను పాత ఇంగ్లీషులో రాశారు. అదే వచనంలో, అదే చోట, ఉన్న మాట ‘హ్నెషె’. మీకు తెలుగు బైబిలు అలవాటుంటే ‘సన్నపు బట్టలు’ అని చదువుకున్న చోటు ఇదే. డాన్యూబ్ నది ఒడ్డున ఒకడు, ఇంగ్లండ్‌లో ఇంకొకడు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకే వాక్యానికి ఒకే మాట వాడారు. ఆ మాటే మీ వార్డులో పెద్దాయన నోట వచ్చింది. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా సర్జరీలో ఎవరు నెష్ అన్నా చెవి అటే పోయేది.

అదే సువార్తలో ఇంకోచోట, 24వ అధ్యాయంలో, అంజూరపు కొమ్మ లేతగా అయి చిగురు పెడితే వసంతం దగ్గరపడిందని తెలుసుకోండి అన్న మాట వస్తుంది. అక్కడి ‘లేత’ కూడా పాత ఇంగ్లీషులో ‘హ్నెషె’ యే. అంటే మొదట్లో ఈ మాటకు చలితో పని లేదు. బట్ట మెత్తన, కొమ్మ లేత, మనిషి సున్నితం, అన్నిటికీ ఒకే మాట. మెత్తన అనే అర్థం నుంచి ‘ఓర్వలేని’ అనే అర్థం, అక్కడి నుంచి ‘చలికి ఓర్వలేని’ అనే అర్థం. పంటలకూ అంతే వాడేవారు. మంచు పడితే మాడిపోయే మొక్క నెష్, తట్టుకునేది కాదు. మనిషికి వచ్చిన అర్థం మొక్కకు ఉన్న అర్థానికి ఎంత దగ్గరో చూడండి.

మరి లండన్ ఎందుకు వదిలేసింది?

పోటీ ఎక్కువైంది. ‘సాఫ్ట్’ అనే మాటకు పాత ఇంగ్లీషులో హాయి, నెమ్మది, శాంతం అనే అర్థాలు ఉండేవి. అది మెల్లగా పక్కకు జరిగి చేతికి తగిలే మెత్తదనాన్ని కూడా తనదిగా చేసుకుంది. ఫ్రెంచి పాలకుల వెంట ‘టెండర్’ వచ్చింది, లాటిన్ పుస్తకాల్లోంచి ‘డెలికేట్’ వచ్చింది. 14వ శతాబ్దం చివర జాన్ విక్లిఫ్ అనే మతసంస్కర్త అనుచరులు బైబిలును మళ్ళీ ఇంగ్లీషులోకి తెచ్చేటప్పటికి, ఇందాక చెప్పిన బట్టల దగ్గర ‘సాఫ్ట్’, అంజూరపు కొమ్మ దగ్గర ‘టెండర్’ కూర్చున్నాయి. అంటే ఒకే మాట చేసే పనిని రెండు మాటలు పంచుకున్నాయి. అప్పటికి నెష్ చావలేదు. ‘మంచికీ చెడుకీ’ అన్నట్టుగా ‘నెష్‌కీ హార్డ్‌కీ’ అనే జంటపదం ఆ కాలపు కవితల్లో కనిపిస్తుంది. కానీ అచ్చు యంత్రం వచ్చి, రాజధాని భాషే రాత భాష అయ్యాక, పుస్తకాల్లో దాని చోటు తగ్గిపోయింది.

పుస్తకాల్లో లేదంటే నోళ్ళలో లేదని కాదు. 1848లో ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టర్ కార్మికుల గురించి రాసిన ‘మేరీ బార్టన్’ నవల మొదటి అధ్యాయంలోనే ఈ మాట ఉంది. పొలాల్లోకి షికారు వచ్చిన రెండు కుటుంబాల మధ్య, గడ్డి దాదాపు ఆరింది, కూర్చోండి, మీరేమీ చలికి భయపడే నెష్ మనుషులు కారుగా అన్న మాట. దాని కింద అధోజ్ఞాపికలో ఇది ఆంగ్లో-సాక్సన్ (అంటే పాత ఇంగ్లీషు) మాట అనీ, సున్నితం అని అర్థమనీ వివరణ. ఆమె భర్త విలియం గాస్కెల్ లాంకషైర్ మాండలికం మీద ఉపన్యాసాలు ఇచ్చినవాడు. నవలలో కార్మికుల మాటలు మోటుగా ఉన్నాయనుకునే దక్షిణాది పాఠకులకు, ఇవి మీ మాటల కంటే పాతవి అని చెప్పడమే ఆ అధోజ్ఞాపికల పని.

మీరున్న జిల్లాకే వస్తే నవలాకారుడు డి. హెచ్. లారెన్స్ ఉన్నాడు. ఈస్ట్‌వుడ్ ఊరు, గని కార్మికుడి కొడుకు. 1913లో వచ్చిన ‘సన్స్ అండ్ లవర్స్’ లో తండ్రి మోరెల్ గని నుంచి వచ్చి చలిగాలి కొట్టే వంటింటి వెనకగదిలో ఒళ్ళు కడుక్కుంటూ, నువ్వయితే నీ నెష్ ఒంటితో ఇక్కడ కొయ్యబారి పడిపోతావు అన్నట్టు భార్యతో అంటాడు. మీ పెద్దాయన మీతో అన్నది అదే ఊరి మాట, అదే స్వరం.

ఇవన్నీ ఒకచోట చేర్చినవాడి గురించి చెప్పకుండా ఉండలేను. జోసెఫ్ రైట్. యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టాడు. చిన్నతనమంతా పనిలోనే పోయింది. సాల్టెయిర్ ఉన్నిమిల్లులో పనిచేశాడు. పదిహేనేళ్ళ వయసు వరకు చదవడం రాదు. తర్వాత రాత్రిబడిలో చదువుకుని, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డాక్టరేటు చేసి, చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాల ఇంగ్లీషు మాండలిక నిఘంటువు తెచ్చాడు. గోథిక్ భాషకు వ్యాకరణం రాసింది కూడా ఆయనే. అంటే వుల్ఫిలా వాడిన ‘హ్నస్క్వుస్’, మిల్లు కార్మికులు వాడే ‘నెష్’ రెండూ ఒకే మనిషి బల్ల మీదికి వచ్చాయి. ఈ మాటలు మాట్లాడే ఇంట్లో పుట్టినవాడు కాబట్టే వాటిని అపభ్రంశాలుగా కాక భాషగా చూడగలిగాడు. మీ ఫోన్లోని డిక్షనరీలో లేకపోవడం ఆ డిక్షనరీ లోటు.

ఒక హెచ్చరిక. ఇలాంటి మాట కనపడగానే మనవాళ్ళలో ఎవరో ఒకరు, ఇది మన ‘నాజూకు’ నుంచి వెళ్ళింది, లేదా ‘నాశం’ నుంచి వెళ్ళింది అని చెప్పేస్తారు. నాజూకు మనకు ఉర్దూ ద్వారా వచ్చిన పారశీక మాట. అర్థం దగ్గరగా ఉంది, మొదటి అక్షరమూ కలిసింది, అంతే. ఇంగ్లీషువాళ్ళు ఇండియా మొహం చూడటానికి ఏడువందల ఏళ్ళ ముందే ఈ మాట వాళ్ళ రాతల్లో ఉంది, అదీ ముందు హకారంతో. రెండు మాటలు చెవికి ఒకేలా వినబడితే సరిపోదు, పాత రూపాలు కలవాలి.

ఆస్పత్రిలో ఈ మాట వినబడితే

మీరు నర్సు కాబట్టి ఇది మిగతా అంతటికంటే ముఖ్యం. రోగి నెష్ అన్న మాట వాడితే, నవ్వేసి వదిలేయకుండా ఒక్క ప్రశ్న అడగండి: ఎప్పటి నుంచి?

"నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నెష్" అంటే సరే, కొందరి ఒళ్ళే అంత. కానీ "ఈమధ్య నెష్ అయిపోయాను" అంటే ఆగి వినాలి. మా దగ్గరికి ఒకావిడ మోకాలి నొప్పికని వచ్చింది, యాభై దాటిన మనిషి. లేచి వెళ్తూ, ఈ ఏడు నేనేంటో బాగా నెష్ అయిపోయాను డాక్టర్, మా ఆయన కిటికీ తెరిస్తే పోట్లాట అవుతోంది అంది. అది ఫిర్యాదుగా చెప్పలేదు, కబురులా చెప్పింది. మళ్ళీ కూర్చోబెట్టి అడిగితే బరువు పెరిగింది, మలబద్ధకం, ఎప్పుడూ నిద్రమత్తు. చర్మం చూస్తే పొడిగా ఉంది. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తగ్గి ఉంది. మాత్రలు మొదలుపెట్టాక కొన్ని నెలలకు కిటికీ పోట్లాట ఆగిపోయిందని తనే వచ్చి చెప్పింది. రక్తహీనతలోనూ ఇలాగే కొత్తగా చలి మొదలవుతుంది. ‘కోల్డ్ ఇన్‌టాలరెన్స్’ అని పాఠ్యపుస్తకంలో చదువుకున్న లక్షణాన్ని ఆ ఊరి మనిషి మీకు ఆ పేరుతో చెప్పడు. నెష్ అంటాడు.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. అది "నేను నెష్ కాదు" అనే మాట. గనిలో పనిచేసి వచ్చిన తరం మగవాళ్ళకు నెష్ అనిపించుకోవడం నామోషీ. హీటింగ్ వేసుకోవడం, ఇంట్లో కోటు తొడుక్కోవడం నెష్ పనులు. ఒక జనవరిలో, భార్యపోయి ఒంటరిగా ఉంటున్న ఒక పాత గని కార్మికుడి ఇంటికి వెళ్ళాను. మాట తడబడుతోందని పక్కింటావిడ ఫోన్ చేసింది. గది ఎంత చల్లగా ఉందంటే నా ఊపిరి నాకే కనిపిస్తోంది. "చలిగా ఉందా?" అంటే "ఐ యామ్ నాట్ నెష్" అన్నాడు గట్టిగా. చొక్కా కింద చెయ్యి పెడితే పొట్ట చల్లగా ఉంది. చేతులు కాళ్ళు ఎవరికైనా చల్లబడతాయి, పొట్ట చల్లబడితే అది వేరే సంగతి. థర్మామీటరు 35 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన చూపించింది, అంటే హైపోథెర్మియా. ఆస్పత్రికి పంపాము, బతికాడు.

వయసు మీద పడ్డాక ఒళ్ళు చలిని సరిగ్గా పసిగట్టదు. అందువల్ల ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే చలి తెలియలేదు. దానికి తోడు యాభై ఏళ్ళుగా నెష్ కాదని పెంచుకున్న పరువు. ఈ రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివాళ్ళను చలేస్తోందా అని అడిగి లాభం లేదు. పొద్దున హీటింగ్ ఎన్నింటికి వేస్తారు, రాత్రి ఏ గదిలో పడుకుంటారు, కరెంటు, గ్యాస్ బిల్లు ఎంత వస్తోంది అని అడగండి. గది కనీసం 18 డిగ్రీలు ఉండాలని ఇక్కడి ఆరోగ్యశాఖ చెప్పే లెక్క. డిశ్చార్జి చేసేటప్పుడు మీరు ఈ మూడు ప్రశ్నలు అడిగితే, కొందరు మళ్ళీ మీ వార్డుకు రావాల్సిన అవసరం పడదు.

దాని చుట్టూ ఉన్న మాటలు

ఆ ప్రాంతంలో పనిచేసేవాళ్ళకు ఇంకొన్ని మాటలు తెలియాలి. ముసలివాళ్ళు "ఐ యామ్ స్టార్వ్‌డ్" అంటే ఆకలి అనుకుని బిస్కెట్ తేకండి, దుప్పటి తెండి. ఆ మాటకు పాత అర్థం చావడం. దక్షిణాదిలో అది ఆకలికి కుదించుకుపోయింది, ఉత్తరాదిలో చలికి మిగిలింది. ఆకలికి స్టోక్, లాంకషైర్ వైపు ‘క్లెమ్‌డ్’ అంటారు. ‘మార్డీ’ అంటే ముఖం మాడ్చుకుని అలిగి కూర్చోవడం. నెష్‌కూ మార్డీకీ సంబంధం లేదు, కలిపేయకండి. ‘మ్యాష్’ అంటే టీ డికాక్షన్ దింపడం. ఇక ‘పూర్లీ’ చూడటానికి చిన్నమాట. కానీ వార్డులో సిస్టర్ "హి ఈజ్ వెరీ పూర్లీ" అందంటే పరిస్థితి విషమంగా ఉందని అర్థం, ఇంటివాళ్ళకు కబురు పెట్టే స్థాయి. కొత్తగా వచ్చిన మన నర్సులు, డాక్టర్లు ఈ ఒక్కదాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.

తిట్టుగా ఎప్పుడు మారుతుంది?

మాట తనంతట తిట్టు కాకపోయినా, అన్నవాడు ఎవడు, ఏ స్వరంలో అన్నాడు అనేది చూడాలి. మగవాళ్ళ గుంపులో, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, నెష్ అంటే పిరికివాడు అనే దాకా పోతుంది. కష్టమైన పని నుంచి జారుకుంటే, భయపడి వెనక్కి తగ్గితే కూడా ఈ మాటే పడుతుంది. అప్పుడు దాన్లో చురుకు ఉంటుంది. అయినా తోటివాడిని అనే మాటే అది, పరాయివాడిని అనేది కాదు.

రంగు, దేశం సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ మాటకు వాటితో ఏ సంబంధమూ లేదు. వాళ్ళ పిల్లల్నీ, వాళ్ళ పెళ్ళాల్నీ, వాళ్ళ కుక్కల్నీ కూడా ఇలాగే అంటారు. కానీ ఎవరైనా "మీ దేశం వాళ్ళంతా నెష్, ఈ పని మీవల్ల కాదు" అన్నాడనుకోండి, అప్పుడు తప్పు నెష్‌లో లేదు, ‘మీ దేశం వాళ్ళంతా’ అన్న దాంట్లో ఉంది. అది విని ఊరుకోనక్కర్లేదు. తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టుకుని వార్డు మేనేజరుకు చెప్పండి. మీ పెద్దాయన అన్నది ఆ కోవలోది కాదు.

మీరు వాడొచ్చా?

మీ గురించి మీరు చెప్పుకోవడానికి నిరభ్యంతరంగా వాడండి. "ఐ యామ్ ఎ బిట్ నెష్" అంటే ఎవరూ మిమ్మల్ని తక్కువ చేయరు, పైగా మన ఊరి మాట నేర్చుకుందే అని ముఖం వికసిస్తుంది. తోటి నర్సులను నవ్వుతూ అనొచ్చు. రోగిని మాత్రం అనకండి. దగ్గరితనం ఉన్నా వద్దు. మంచంలో ఉన్న మనిషి చలి అంటే అది ఆటపట్టించే సందర్భం కాదు. ఇందాక చెప్పిన రకం పాత గని కార్మికుడైతే మీ మాటకు రోషపడి దుప్పటి కూడా తోసేస్తాడు. కేసు షీటులోనూ నెష్ అని రాయకండి. రోగి అన్న మాటను అన్నట్టుగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కన మామూలు ఇంగ్లీషులో ‘రెండు నెలలుగా చలికి ఓర్వలేకపోతున్నారు’ అని రాయండి. మీ తర్వాత షిఫ్టుకు వచ్చేది లండన్ డాక్టరో, కేరళ నర్సో కావచ్చు.

ఆ పెద్దాయన ఇంకా మీ వార్డులోనే ఉంటే, ఆయన చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ఎవరిని నెష్ అనేవారో అడిగి చూడండి. ఆ వయసువాళ్ళకు తమ మాట గురించి ఎవరైనా అడిగితే చాలా ఇష్టం. మాటల్లో పడ్డాక, ఇంట్లో హీటింగ్ సంగతి కూడా ఆయనే చెబుతాడు.